ఎల్లాయమ్మ పడవెక్కే నెల

నేను ఒక కంపాసుని. పుస్తకాల్లో దిక్సూచి అంటారట. మా పల్లెలో అలా ఎవరూ అనరు.

కలకత్తాలో ఒక ఇరుకు సందులో ఇత్తడి పనివాడు నన్ను చేశాడు. ఇత్తడి గిన్నె, పైన అద్దం, లోపల నూనెలాంటి ద్రవం, అందులో తేలే బిళ్ళ. ఎంత తిప్పినా ఆ బిళ్ళ ఉత్తరానికే వచ్చి ఆగాలి. ఆగేదాకా మూడు రోజులు నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తను సముద్రం ఎప్పుడూ చూడలేదని పక్కవాడితో అంటుంటే విన్నాను. చూడని సముద్రం కోసం అంత శ్రద్ధగా పనిచేసిన మనిషికి ఇప్పటికీ దండం పెడతాను.

విశాఖ హార్బరు దగ్గర కొట్లో నన్ను మొదట కొన్నది ఒక సరంగు. బోటు నడిపేవాడన్నమాట. దారి తప్పినప్పుడల్లా నన్ను తిట్టేవాడు. నేను చూపించాను, ఆయన చూడలేదు, తప్పు నాదయింది. మనుషుల్లో ఇది మామూలే. వేట మానేసిన రోజున నన్ను మరుపిల్లి దానయ్య చేతిలో పెట్టాడు.

దానయ్య తిట్టడు. పొగడడు. అసలు మాట్లాడడు. ఇరవై ఆరేళ్ళు ఆయన పడవలో చుక్కాని పక్కన ఉన్నాను. రోజూ గుడ్డతో అద్దం తుడిచేవాడు. తర్వాత జీపీఎస్ వచ్చింది. నా అద్దం కింద గాలి బుడగ చేరింది. నన్ను ఊడదీసి ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాడు.

అప్పుడే నాకు ఎల్లాయమ్మ తెలిసింది. దానయ్య భార్య.

ఆవిడ పొద్దున్నే చేపలు ఎండేస్తుంది, మధ్యాహ్నం గంప నెత్తిన పెట్టుకుని అమ్మకానికి పోతుంది. పడవ కట్టినప్పుడు దాని ముక్కుకి పసుపు రాసింది ఆవిడ. కొబ్బరికాయ కొట్టింది ఆవిడ. కానీ పడవ లోపల కాలు పెట్టలేదు. మా పల్లెలో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. సముద్రం పక్కనే పుట్టి, సముద్రం మీదే బతికి, అరవై ఏళ్ళొచ్చినా ఆవిడకి సముద్రం ఇసక దగ్గరే ఆగిపోయింది.

ఒకరోజు మేనకోడలు హైమ ఫోన్లో ఒక వీడియో చూపించింది. హైమ టౌన్లో టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తుంది. థాయిలాండులో చిన్న దీవి. ఆరు గుడిసెలు, కొబ్బరిచెట్లు, అంతే. మోటారు లేదు, మైకు లేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ నీడ అడుగున ఇసక మీద కనబడుతోంది.

"అక్కడికి ఎలా ఎల్తారే?" అంది ఎల్లాయమ్మ.

"విమానం దిగి పడవ ఎక్కాలత్తా. గంటన్నర."

"ఆడోళ్ళు కూడానా?"

హైమ నవ్వింది. ఎల్లాయమ్మ నవ్వలేదు. మొగుడి వైపు తిరిగింది. "మన పడవెక్కితే, వేట పడనప్పుడల్లా నా మీదకే వత్తాది. అక్కడైతే నన్నెవడూ అనడు. ఎల్దాం మావా."

దానయ్య కిటికీలోంచి నన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. బిళ్ళ ఆగాక ఆగ్నేయం వైపు వేలు చూపించాడు. "అటు" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఇక ఎల్లాయమ్మ ఏర్పాట్లు చూడాలి! పాస్‌పోర్టు ఫొటో కోసం దానయ్యకి గడ్డం గీయించింది. కొత్త బ్యాగు తెచ్చింది. అందులో మొదట పెట్టింది ఎండునెత్తళ్ళ పొట్లం.

"అక్కడ చేపలుండవా అత్తా?"

"ఉంటాయే. వండేవోళ్ళు ఎలాంటోళ్ళో మనకి తెలీదు కదా."

వెళ్ళేది ఎప్పుడంటే ఇద్దరూ ఒకే మాట అన్నారు. మే నెలాఖరు. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం. మొదటి నెల పడవ బాగుచేసుకోవడం, వలలు కుట్టుకోవడం. రెండో నెల ఖాళీ. సెలవంటే వాళ్ళకి తెలిసింది అదొక్కటే. మనం ఖాళీగా ఉన్నప్పుడు అవతలి సముద్రం కూడా ఖాళీగా ఉంటుందనుకున్నారు. నలభై ఏళ్ళుగా గాలి వాసన పట్టి వానొస్తుందో లేదో చెప్పగల దానయ్య కూడా అలాగే అనుకున్నాడు. దిక్కు చెప్పడం నా పని. కాలం చెప్పడం నాకు చేతకాదు.

హైమ దీవికి ఫోన్ చేసి వచ్చింది. మొహం చిన్నబోయి ఉంది.

"మేలో మూసేస్తారట అత్తా. గాలీ వానా. పడవ తిరగదు. ఏప్రిల్లో గుడిసెలన్నీ నిండిపోయాయి. మళ్ళీ ఫిబ్రవరిలోనే ఖాళీ."

ఫిబ్రవరి అంటే మాకు మంచి వేట.

"పోనీ పెద్ద దీవి ఒకటుంది. ఎప్పుడూ తెరిచే ఉంటుంది. విమానం దిగితే రోడ్డే."

"పడవెక్కకుండా ఎల్లడానికి నాకు ఆర్టీసీ బస్సు సాలదేటే?" అంది ఎల్లాయమ్మ. లేచి బ్యాగు మంచం కిందకి తోసింది. నెత్తళ్ళు తీసి కూర వండేసింది.

కూర తిని చెయ్యి కడుక్కుని దానయ్య అన్నాడు: "ఫిబ్రవరికి రాయించు."

మర్నాడు పడవలో పనిచేసే ఎర్రోడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"వేట దండిగా పడే రోజుల్లో పడవ గలాయన షికారుకెల్తే జనం నవ్వరా మావా?"

"నవ్వనీ."

"మరి చుక్కాని?"

"నువ్వు పట్టు."

ఎర్రోడికి పదేళ్ళుగా ఉన్న ఆశ అది. గుమ్మం దిగి నేరుగా పడవ దగ్గరికి పోయాడు. దానయ్య తన చుక్కాని ఇంకొకరి చేతికివ్వడం నేను ఎన్నడూ చూడలేదు. జ్వరంలో కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి వచ్చింది. రేపు ప్రయాణం అనగా ఎల్లాయమ్మకి భయం పట్టుకుంది.

"పడవలో తూలిపోతే? వేటగాడి పెళ్ళాం బోర్లా పడిందంటే అక్కడోళ్ళేమనుకుంటారు?"

దానయ్య బయటికి వెళ్ళాడు. రెండు లారీ ట్యూబులకి గాలి కొట్టించుకొచ్చాడు. ఎండలో, వాకిట్లో, వాటి మీద నులకమంచం పెట్టాడు.

"ఎక్కు."

ఎక్కింది. ఆయన మంచం పట్టుకుని ఊపాడు. ఆవిడ కూలబడింది. వీధి వీధంతా వచ్చింది.

"పిన్నీ, సొరసేపలుంటాయి, జాగర్త!" అని అరిచింది ఒకామె.

"నీకన్నా పెద్ద సొరసేపలా?" అంటూ ఎల్లాయమ్మ చీర కుచ్చిళ్ళు దోపి మళ్ళీ లేచింది.

"కాళ్ళు ఎడంగా పెట్టు" అన్నాడు దానయ్య. "మోకాళ్ళు బిగించకు. కిందకి సూడకు. దూరం సూడు. అల వత్తే దానితో పో. ఎదురు నిలబడకు." ఇన్ని మాటలు ఆయన నోట ఒక్కసారి వినడం నాకదే మొదలు. చేసేది చేస్తూ చెప్పాడు. నుదుటి మీద చెమట.

ఐదుసార్లు పడింది. ఆరోసారి నిలబడింది. చేతులు చాపలేదు, ఎవరినీ పట్టుకోలేదు. మంచం ఎటు పోతే అటు ఒరిగి, మళ్ళీ నిలువుగా వచ్చింది. నాలోని బిళ్ళ కూడా అంత నెమ్మదిగా కుదురుకోదు.

నవ్వేవాళ్ళు నవ్వడం ఆపేశారు.

"గట్టిగా ఊపు మావా" అంది. "అలలు ఇంతేనా మీకు?"

తెల్లారి ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయారు. నన్ను తీసుకెళ్ళలేదు. అక్కర్లేదు. నేను కిటికీలో ఉత్తరం చూస్తూ ఉన్నాను. ఇవాళ మూడో రోజు. ఈ సరికి ఆవిడ అక్కడి పడవలో కాలు పెట్టే ఉంటుంది. కుడికాలు పెట్టిందో, ఎడమకాలు పెట్టిందో నాకు తెలీదు.

పడలేదని మాత్రం తెలుసు.