మిషను ఆగిన కాసేపు

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీలు లేని పెద్ద గదిలో లాండ్రీ ఉంది. పైన వార్డుల్లో ఎవరున్నారో ఆ గదిలో పనిచేసేవాళ్ళకి తెలియదు గానీ, వాళ్ళు పడుకున్న దుప్పట్లన్నీ చివరికి అక్కడికే దిగివస్తాయి. ఉతికి ఆరబెట్టిన దుప్పట్లను రోలరు మిషనులో పెట్టి ఇస్త్రీ చేయడం ఇద్దరు ఆడవాళ్ళ పని. పెద్దావిడను అందరూ ఆపా అంటారు, అంటే అక్క. రెండో ఆమె బక్కమ్మ. అది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. చేరిన కొత్తలో ఎవరో నవ్వులాటకి అన్నారు, అదే నిలిచిపోయింది. మనిషి నిజంగానే పుల్లలా ఉంటుంది గానీ, తడి దుప్పట్ల ట్రాలీని ఆమె ఒక్కతే నెట్టుకొస్తుంటే మగవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవారు.

ఒకప్పుడు ఆ మిషను దగ్గర నలుగురుండేవాళ్ళు. ముందు ఇద్దరు దుప్పటి అంచులు పట్టి లోపలికి అందిస్తే, వెనక ఇద్దరు అందుకుని మడతపెట్టేవారు. ఖర్చు తగ్గించాలని పైవాళ్ళు ఇద్దరిని తీసేశారు. ఇప్పుడు వీళ్ళిద్దరే ముందు అందించి, గబగబా చుట్టూ తిరిగివెళ్ళి వెనక అందుకోవాలి. సాయంత్రానికి అరికాళ్ళలో మంటలు పుట్టేవి, నడుము తమది కాదన్నట్టుండేది. ఇంటికెళితే ఆపాకి మంచం పట్టిన అత్తగారు. ఆవిడకి ఒళ్ళు తుడవాలి, నాలుగు ముద్దలు తినిపించాలి, పక్క మార్చాలి. పొద్దంతా దుప్పట్లే, ఇంటికొచ్చినా దుప్పట్లే అని నవ్వేది ఆపా, నవ్వే ఓపిక ఉన్న రోజున.

బక్కమ్మ ఇంట్లో భర్త ఒక్కడే. బస్సు నడుపుతాడు. వాళ్ళకొక కూతురుండేది. జ్వరమొచ్చి ఇదే ఆసుపత్రిలో, పైన పిల్లల వార్డులో పోయింది. ఆ తర్వాత బక్కమ్మ ఇంట్లో దేవుడి అలమార తలుపు మూసేసింది. పొద్దున్నే భర్త తెరిచి, దీపం పెట్టుకుని, మళ్ళీ మూసేవాడు. ఆమె వద్దనేది కాదు, అటు చూసేదీ కాదు.

పిల్లల వార్డు దుప్పట్లు చిన్నవి, రంగురంగులవి. ఆ మూట వచ్చినప్పుడల్లా ఆపా తనే ముందుకెళ్ళేది.

"నువ్వు దిండు గలీబులు చూడమ్మా, ఇవి నేను చూస్తాలే."

ఎందుకని బక్కమ్మ ఎప్పుడూ అడగలేదు. ఆపా ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఆపా నమాజు చేసుకునేది. పని తెల్లవారకముందే మొదలవుతుంది కాబట్టి భోజనాలు పెందలాడే అయిపోతాయి, అప్పటికింకా నమాజు వేళ కాదు. అందుకని పని మధ్యలోనే కాసేపు దుప్పట్ల అరల వెనక్కి వెళ్ళేది. ఒక మనిషి నిలబడి, వంగి లేచేంత జాగా ఉందక్కడ. ఆ కాసేపూ బక్కమ్మ ఒక్కతే మిషను నడిపేది. గలీబులైతే ఒక్కరు చాలు. పని గుట్టలా పేరుకుపోయిన రోజున మాత్రం దుప్పట్లు కూడా పెట్టేసేది. ఒక అంచు చేత్తో పట్టుకుని, రెండో అంచు పొట్టకి అదిమి, ఎలాగో అందించేది.

అలాంటి రోజే ఒకటి, దుప్పటి వంకరగా లోపలికి పోతోంది. సరిచేద్దామని లాగబోయేసరికి ముంజేయి వెళ్ళి కాలుతున్న రోలరుకి తగిలింది. బక్కమ్మ కెవ్వుమంది. ఆపా నమాజు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి మిషను ఆపే ఎర్ర బటను నొక్కింది, ఆమెను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి చెయ్యి నీళ్ళకింద పెట్టింది.

పైకెళ్ళి కట్టు కట్టించుకుని వచ్చేసరికి సూపర్‌వైజరు మిషను దగ్గర నిలబడి ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. లాండ్రీతో పాటు స్టోర్సు కూడా అతని నెత్తినే పెట్టారు. ఎప్పుడు చూసినా నిద్ర చాలని మొహంతో ఉండేవాడు.

"ఇకమీదట ఒక్కరే మిషను నడపడానికి వీల్లేదమ్మా. ఒకరు పక్కకెళితే మిషను ఆగాలి. అది ఆగితే పైవాళ్ళు నన్నే కదా నిలదీసేది? భోజనం టైములో తప్ప ఎవరూ కదలొద్దు."

"మరి ఆపా నమాజు?" అంది బక్కమ్మ.

"ఒక్కరి కోసం మిషను ఆపానంటే ఊరుకుంటారా?"

"ఒక్కరి కోసమెందుకు సార్? నేనూ ఆ టైముకే ప్రార్థన చేసుకోవాలి. మా దేవుడికి."

అతను ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళూ చేసుకోలేదుగా?"

"ఇన్నాళ్ళూ నేనూ వెళ్ళిపోతే మిషను ఎవరు చూసుకుంటారు సార్?"

అతనికి ఆ మాట నిజమేననిపించింది. "సరే, ఇద్దరికీ ప్రార్థన అని చెప్పి అడిగి చూస్తా" అంటూ వెళ్ళిపోయాడు.

ఆపా సంతోషిస్తుందనుకుని బక్కమ్మ ఇటు తిరిగింది. ఆపా ముఖం ముడుచుకుపోయి ఉంది.

"అబద్ధమెందుకు చెప్పావు?"

"ఇదీ ఒక అబద్ధమేనా ఆపా? ఎవరి సొమ్ము పోయింది?"

"నువ్వు నీ దేవుడితో మాట్లాడటం మానేశావు. అది నీకూ ఆయనకీ మధ్య సంగతి, నేనెప్పుడూ నోరెత్తలేదు. ఇప్పుడు నా కోసం ఆయన ముందు ఉత్తుత్తినే చేతులు జోడించి కూర్చుంటావా? నీ పక్కనే నిలబడి నేను నాది చేసుకోవాలా? నావల్ల కాదమ్మా."

బక్కమ్మకి ఒళ్ళు మండింది. "నీ కోసమని చెప్పాను చూడు, నన్ను నేననుకోవాలి. ఈ చెయ్యి ఎవరి కోసం కాలిందనుకున్నావు?"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ మాట జారిపోయింది. ఆపా తరువాతి దుప్పటి అంచు అందుకుంది.

ఆ రోజు నుంచి ఆపా అరల వెనక్కి వెళ్ళడం మానేసింది. తప్పిపోయిన నమాజును ఇంటికెళ్ళాక, అత్తగారి పనులన్నీ ముగించుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ చేసుకునేది. సూపర్‌వైజరు కనబడి పైవాళ్ళింకా ఏమీ చెప్పలేదన్నప్పుడు, "నా గురించి అడగొద్దులే బాబూ" అంది. కళ్ళకింద నల్లబడింది. మిషను దగ్గర ఇద్దరి మధ్యా "పట్టు", "వదులు" తప్ప మాటల్లేవు. అదివరకు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే మడత కుదిరిపోయేది. ఇప్పుడు ఈ అంచు పైకి, ఆ అంచు కిందికి. విప్పి మళ్ళీ మడతపెట్టాల్సివచ్చేది. ఆ పని చేస్తుంటే బక్కమ్మకి ఏడుపొచ్చేది, విసుగూ వచ్చేది.

మాటల్లేని ఆ రోజుల్లోనే పిల్లల వార్డు మూట దిగింది. కట్టు ఉన్న చేత్తోనే బక్కమ్మ దాని వైపు వంగింది. ఆపా వచ్చి మూటను తన వైపు లాక్కుంది. ఎప్పటిలాగే ముడి విప్పి, చిన్న దుప్పట్లన్నీ తన చేతులతోనే ఒకటొకటిగా అందించింది.

బక్కమ్మ చూస్తూ నిలబడింది. తరువాత చేతులు చీరకి తుడుచుకుని, మెట్లెక్కి సూపర్‌వైజరు గదికి వెళ్ళింది.

అతని ముందు చల్లారిపోయిన టీ ఉంది. "ఏంటమ్మా?" అన్నాడు తలెత్తకుండా.

"నేను ప్రార్థన చేసుకుంటానన్నది అబద్ధం సార్. నాకు ఏ దేవుడితోనూ పనిలేదు. మా పాప పోయింది ఇక్కడే. ఆపా నిజంగా చేసుకుంటుంది. ఆవిడ లేకుండా నేను మిషను ముట్టుకోను. ఆ కాసేపు ఊరికే కూర్చుంటాను. ఎంతసేపు ఆగితే అంతసేపు సాయంత్రం ఉండి పూర్తిచేస్తాం."

"ప్రార్థనంటేనే ఒప్పించడం కష్టంగా ఉంది. ఊరికే కూర్చోడానికంటే ఎవరొప్పుకుంటారు?"

"ఊరికే కూర్చోడం కూడా కావాలి సార్. ఒళ్ళు ఇనుము కాదుగా."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమెతో కాదన్నట్టుగా అన్నాడు: "నేను చర్చికెళ్ళి ఎన్నాళ్ళైందో తెలుసా? ప్రతి ఆదివారం డ్యూటీనే. మా ఆవిడ అడగడం కూడా మానేసింది." టీ కప్పు అందుకుని, చల్లగా ఉందని మళ్ళీ పెట్టేశాడు. "మిషను ఆపుకోండి. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాలే."

మరునాడు మధ్యాహ్నం సూపర్‌వైజరే కిందికి వచ్చి ఆపాతో జరిగింది చెప్పాడు. ఆపా అతని మాటలు విని, బక్కమ్మ వైపు ఒకసారి చూసి, అరల వెనక్కి వెళ్ళింది. మిషను ఆగింది. దాని రొద లేని ఆ గది ఇద్దరికీ కొత్తగా ఉంది. బక్కమ్మ గోడకి ఆనించిన బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. చెవుల్లో ఇంకా ఆ హోరే వినిపిస్తోంది.

నమాజు ముగించుకుని ఆపా వచ్చి పక్కన కూర్చుంది.

"చెయ్యి ఎలా ఉంది?"

"మానుతోంది. ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోవడానికి చోటేది? మా అత్త సణుగుడుకే చాలడం లేదు."

బక్కమ్మకి నవ్వొచ్చింది. ఆపా మెల్లగా అంది: "ఒకటి అడగనా? కాదంటే కాదని చెప్పు, ఏమీ అనుకోను. దుఆలో దేవుణ్ణి వేడుకునేటప్పుడు నా వాళ్ళందరినీ తలుచుకుంటాను. మీ పాప కూడా చాలాసార్లు నోటిదాకా వచ్చింది. నిన్నడగకుండా తలవలేదు."

"ఒక్కసారి కూడానా?"

"నీ పిల్ల కదమ్మా. నువ్వు సరేననాలి."

బక్కమ్మ కట్టు అంచు పట్టుకుని లాగింది. "ఇప్పుడే వద్దాపా. అప్పుడు మేం అడగని దేవుడు లేడు. ఇంకెవరైనా దాని గురించి ఏ దేవుణ్ణి అడిగినా నాకు కడుపు రగిలిపోతుంది."

"సరే అయితే" అంది ఆపా. ఆ మాటలో అలక లేదు, జాలి కూడా లేదు. సరే అంతే.

అది విన్నాక బక్కమ్మకి ఎందుకో మాట్లాడాలనిపించింది. పాపకి దుప్పటి కప్పితే ఇష్టముండేది కాదనీ, నిద్రలోనే తన్ని అవతల పడేసేదనీ చెప్పింది. వాళ్ళ నాన్న బస్సు హారన్ని అచ్చం అలాగే నోటితో మోగించేదని చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆపా మధ్యలో ఒక్కసారే, "ఎవరి పోలిక?" అని అడిగింది. "నా పోలికే. బక్కగా" అంది బక్కమ్మ.

ఆ సాయంత్రం పని ముగిసేసరికి ఎప్పటికంటే ఆలస్యమైంది. బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని, నిలబడే కునికిపాట్లు పడ్డారు. తన స్టాపు వచ్చినప్పుడు ఆపా, "చెయ్యి తడపకు" అని చెప్పి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.