పిల్లల్ని జోకిన ముల్లు

చదివేవాళ్లకు ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి. శ, ష, స మూడూ నాకు ఒకే తల్లి పిల్లల్లాగే కనిపిస్తాయి. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను ఇరవై మూడేళ్లు ఆయాగా పనిచేసిన అంగన్‌వాడిలో పిల్లల్ని జోకే తూకం ఒకటి ఉండేది. అప్పట్లో ఊళ్లో జరిగిన సంగతిని ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు, తూకాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అది చెబితే ఇలా చెబుతుందని రాస్తున్నాను. నన్ను కూడా అది చూసినట్టే రాశాను.

నేను ఒక తూకాన్ని. సంతలో కూరగాయలు తూచే తక్కెడను కాను. గోడగడియారంలా గుండ్రంగా ఉంటాను. గాజు ముఖం, దాని వెనక ఒక ముల్లు, సున్నా నుంచి ఇరవై ఐదు కిలోల దాకా అంకెలు, పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం. పైదానితో నన్ను దూలానికి వేలాడదీస్తారు. కిందిదానికి పిల్లల్ని తగిలిస్తారు. కడుపులో ఒక స్ప్రింగు ఉంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. నా తెలివంతా అంతే.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో. అక్కడ చెవి మీద బీడీ పెట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని వరసగా వేలాడదీసి, ఒక్కొక్కరికీ ఐదు కిలోల గుండు తగిలించి తీసేవాడు. గుండు తగిలించినప్పుడు పెద్దగా చూసేవాడు కాడు. తీసేశాక ముల్లు సున్నాకు వస్తుందా రాదా అని మాత్రం కళ్లు చికిలించి చూసేవాడు. నా దగ్గర తలూపి, అట్టపెట్టెలో పెట్టించాడు. తర్వాత రెండు వానాకాలాలు ఏదో ఆఫీసు గోదాములో పడుకున్నాను. పిల్లలకు అత్యవసరం అని పెట్టె మీద రాసి ఉందట. గోదాము కాపలాదారు ఆ పెట్టె మీదే కూర్చుని అన్నం తినేవాడు.

నాకు లోకజ్ఞానం వచ్చింది మండల కేంద్రంలో జరిగిన ఒక శిక్షణలో. అంగన్‌వాడి టీచర్లందరినీ కూర్చోబెట్టి, నన్ను బల్ల మీద పెట్టి, కళ్లద్దాల సారు ఒకాయన మాట్లాడాడు. లోకంలో దేశాలన్నీ కలిసి ఒక ఒడంబడిక రాసుకున్నాయట. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక అని దాని పేరు. తిండి, ఆరోగ్యం, చదువు, పని, ఇవి దయతో పెట్టేవి కావు, మనిషికి రావలసినవి అని అందులో ఉందట. మన దేశం పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో అందులో చేరింది. చేరిన దేశాలు ఇచ్చిన మాట ఎంతవరకు నిలుపుకున్నామో ఎప్పటికప్పుడు జెనీవా అనే ఊళ్లో ఒక కమిటీకి నివేదిక పంపుకోవాలి. సారు నన్ను పైకెత్తి చూపించాడు. "ఈ ముల్లు దగ్గర్నుంచే ఆ నివేదిక మొదలైతది. ఇది చూపించింది మీరు రిజిస్టర్ల రాస్తరు. మీ రిజిస్టరు మండలానికి, మండలం జిల్లాకు, జిల్లా హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి."

అంత బరువు నా మీద ఉందని నాకు అంతకుముందు తెలియదు.

అనసూయ టీచరు నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఊరికి తెచ్చింది. అది బండలు కొట్టి కంకర చేసే వాళ్ల ఊరు. కేంద్రం అద్దె గది. నన్ను దూలానికి తాడుతో కట్టిన మనిషి ఆయా మొగులమ్మ. భర్త పోయి అప్పటికి పదేళ్లు. వంట, ఊడ్చడం, పిల్లల్ని ఇంటింటికీ వెళ్లి ఎత్తుకురావడం ఆమె పని. తన పాత చీర చింపి, రెండు కాళ్లు దూర్చే సంచి కుట్టి నా కొక్కానికి తగిలించింది.

మొదటి నెల తల్లుల్ని పిలిచి టీచరు సారు చెప్పిందంతా చెప్పింది.

"ఎప్పుడు రాసుకున్నరు టీచరమ్మా గా కాయితం?" అని అడిగింది ఈరమ్మ. మనవరాలు నందినిని చంకలో వేసుకుని వచ్చిన మనిషి. నందినికి ఏడాదిన్నర.

"డెబ్బై తొమ్మిదిల."

"నా పెండ్లైన ఏడే. నా మొగుడు గూడ గప్పుడే మాటిచ్చిండు, పస్తు పెట్టనని."

గది గదంతా నవ్వింది. టీచరు కూడా నవ్వింది.

"నవ్వుడు సరే. గా ఊరోళ్లకు మా పిల్లల బరువెందుకమ్మా? పెండ్లి సంబంధం చూస్తున్నరా?" అంది ఇంకొకామె.

నవ్వులు అయ్యాయి కాని పిల్లల్ని సంచిలో కూర్చోబెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ ఊళ్లో పసిపిల్లల్ని జోకరు. మిరపకాయలను జోకుతారు, బియ్యాన్ని జోకుతారు. బిడ్డను జోకితే దిష్టి తగులుతుంది, ఎదుగుదల అక్కడే ఆగుతుంది అని వాళ్ల నమ్మకం. టీచరు బతిమాలి, బెదిరించి, కోడిగుడ్డు చూపించి, ఎలాగో ఒప్పించింది. తర్వాతి నెల నుంచి తల్లులు, నాయనమ్మలు అనుకున్న దానికంటే తేలికగా పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టసాగారు. తన మాటకు విలువ పెరిగిందని టీచరు అనుకుంది.

పిల్లల బరువు గుర్తుపెట్టే కాగితం మీద మూడు పట్టీలు ఉంటాయి. పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపులో చుక్క పడిన బిడ్డను తల్లితో సహా పెద్దాసుపత్రిలో ప్రత్యేకమైన వార్డుకు పంపాలి. అక్కడ రెండు వారాలు గంటగంటకూ చూసి తినిపిస్తారు. నందినికి నా ముల్లు ఏడున్నర కిలోలు చూపించేది. పసుపు. కాబట్టి అందరితో పాటే ఒక గుడ్డు, కాస్త కిచిడీ.

మూడు నెలలు ఏడున్నరే. ఊళ్లో ఎరుపు పట్టీలో ఒక్క చుక్కా లేదు. మండల సమావేశంలో అనసూయ టీచరుకు చప్పట్లు కొట్టారు.

మొగులమ్మకు అంకెలు రావు. కాని రోజూ ఆ పిల్లను ఎత్తుకొచ్చేది ఆమే. ఒకరోజు కిచిడీ తినిపిస్తూ, "టీచరమ్మా, ఈ పిల్ల దినదినం అలకగైతున్నది. నా చెయ్యికి తెలుస్తున్నది" అంది.

"ముల్లు అబద్ధం చెప్తదా మొగులమ్మా? నీ చెయ్యి మీద అంకెలున్నయా?"

మొగులమ్మ నొచ్చుకుంది కాని ఊరుకోలేదు. కిలో పప్పు పొట్లం విప్పకుండా తెచ్చి నాకు తగిలించి, టీచరును పిలిచి ఎంత చూపిస్తుందో చూడమంది. సరిగ్గా ఒకటి దగ్గర ఆగాను. తీసేసింది. సున్నాకు వచ్చాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. "నువ్వు మంచిగనే ఉన్నవు" అంది, మనిషితో అన్నట్టే. నా మంచితనం మీద ఎవరైనా విచారణ జరపడం ఆ షెడ్డులో ముసలాయన తర్వాత అదే మొదటిసారి.

అప్పటికి నందిని గుటక వేయడానికే అలసిపోతోంది. జ్వరం వచ్చి పోతోంది. ఆ నెల జోకే రోజున ఈరమ్మ పిల్లను బొంతలాంటి గుడ్డలో చుట్టి తెచ్చింది. వెనక కోడలు తాయమ్మ ఉంది. మొగులమ్మ అప్పటికే నీళ్లు కాచి ఉంచింది.

"తే ఈరమ్మా, బిడ్డకు నీళ్లు పోసి జోకుదాం. చెమటతోని ఉన్నది."

"వద్దక్కా, పొద్దుగాలనే పోసిన."

"మల్ల పోస్తే తోలు ఊడుతదా?" అంటూ మొగులమ్మ కాళ్లు చాపి కూర్చుని, పిల్లను లాక్కుని కాళ్ల మీద వేసుకుంది. గుడ్డ విప్పింది. బండను చీల్చే ఇనప మేకు, జానెడు పొడవుది, గచ్చు మీద ఠంగుమని పడింది.

టీచరు ముఖం ఎర్రబడింది. "ఏంది ఈరమ్మా ఇది! మూడు నెలల సంది మేకుకు బరువు రాసిన్నా నేను?"

"బరువు కోసం పెట్టలే టీచరమ్మా. దిష్టికి పెట్టిన. పిల్ల గుంజుకపోతున్న కొద్ది పెద్ద మేకు పెట్టిన." ఈరమ్మ గొంతు తగ్గలేదు. "దీనికంటె ముందు పిల్లగాణ్ణి ఆసుపత్రిల జోకిండ్రు. వారం దినాలకు పాయె. జోకినోళ్లు అందరు బాగనే ఉన్నరు. ఇనుము లేకుండ నా మనుమరాల్ని జోకనియ్య. చంపుకుంటనా?"

గదిలో ఉన్న ఆడవాళ్లెవరూ నవ్వలేదు. ఇద్దరు మెల్లగా తమ పిల్లల గుడ్డల్లోకి చెయ్యి పోనిచ్చారు. ఒకరి దగ్గర విరిగిన కొడవలి ముక్క, ఇంకొకరి దగ్గర ఎద్దు కాలి నాడా. నేను మూడు నెలలుగా ఊరి పిల్లల్నీ, ఊరి ఇనుమునూ కలిపి జోకుతున్నాను. నాకు తగిలించినదాని బరువు చెప్పాను. అది ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు.

మొగులమ్మ పిల్లను తాయమ్మకు ఇచ్చి లేచింది. మేకు తీసుకుని, స్టూలు ఎక్కి, దాన్ని నా పై కొక్కానికి పైన, దూలం మీది తాడుకు కట్టింది.

"ఇనుము యాడికి పోలే. బిడ్డ నెత్తి మీదనే ఉన్నది. దిష్టి ఎటు దిక్కు నుంచి వచ్చినా దాన్ని దాటుకునే రావాలె."

ఈరమ్మ తల ఎత్తి చాలాసేపు చూసింది. "గట్టిగ కట్టినవా?"

"నీ మొగుడు కట్టిన ముడి కంటె గట్టిగ."

ఈరమ్మ పెదవి కొంచెం కదిలింది. తనే పిల్లను తీసుకుని సంచిలో కూర్చోబెట్టింది.

ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

టీచరు కాగితం మీద ఎరుపు పట్టీలో చుక్క పెట్టింది. మిగిలిన పిల్లల్ని కూడా ఆ మేకు కిందే మళ్లీ జోకారు. ఇంకో ఇద్దరు ఎరుపులోకి వచ్చారు.

ఆసుపత్రి వార్డుకు సూపర్‌వైజర్ చిట్టీ కావాలి. మూడో రోజు ఆమె వచ్చింది. చెడ్డ మనిషి కాదు. సమావేశాల్లో పైవాళ్ల చేత తిట్లు తిని తిని జాగ్రత్త నేర్చుకున్న మనిషి.

"అనసూయా, పాత లెక్కతోనే ఈ నెల రిపోర్టు పంపిన. మన మండలంల ఎర్రది సున్నా అని రాసిన. ఇప్పుడు మూడంటే నన్నేమంటరు? వచ్చే నెల మొదట్ల రాద్దాం. పదిహేను దినాలే కద."

టీచరు పెన్నుకు మూత పెట్టింది. తాయమ్మ పిల్లను భుజం మీద వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పదిహేను రోజులు అనే మాట వినగానే పిల్ల వీపు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

గిన్నెలు తోముతున్న మొగులమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "మేడం, ఒక మాట. దేశం రాసిచ్చిన కాయితం ఉన్నదంట కద, పిల్లలు ఆకలితోని ఉండొద్దని. గా కాయితంల వచ్చే నెల అని ఉన్నదా?"

"నువ్వు చదివినవా దాన్ని?"

"నాకు చదువు యాడిది మేడం. చదివినోళ్లు చెప్పిండ్రు, నేను ఇన్న. మీరు చదువుకున్నోళ్లు. లేదంటె లేదని చెప్పుర్రి, పోయి గిన్నెలు తోముకుంట."

సూపర్‌వైజర్ పిల్లను చూసింది. రిజిస్టరును చూసింది. కాసేపు నన్ను కూడా చూసింది. "మూడు చిట్టీలు రాయి అనసూయా" అని, పెన్ను తీసి సంతకాలు చేసింది. "తిట్లు నాకు కొత్తనా" అని ఎవరితో కాకుండా అంది.

తాయమ్మ మేకును కొంగున కట్టుకుని ఆసుపత్రికి బస్సెక్కింది. ఈరమ్మ ఒప్పుకున్నది ఆ షరతు మీదే.

ఆ తర్వాత ఊరికి చెడ్డపేరు వచ్చింది. సున్నా ఉన్నచోట మూడు వచ్చింది కనుక, పిల్లల పరిస్థితి దిగజారింది అన్నారు. అనసూయ టీచరును నిలబెట్టి అడిగారు. ఆ మూడు మండలం దాటి, జిల్లా దాటి, ఎన్ని లక్షల్లో కలిసిందో, జెనీవా దాకా పోయిందో లేదో నాకు తెలియదు. పోయి ఉంటే, మాట నిలుపుకోలేదని మన దేశం ఒప్పుకున్న వాటిలో ఆ ముగ్గురూ ఉన్నారు. మాట తప్పితే తప్పామని రాయడం కూడా ఆ ఒడంబడికలో ఒక భాగమేనేమో. మనుషులకు అది తిండి పెట్టడం కంటే కష్టమైన పనిలా ఉంది.

ఇప్పుడు నేను పనికిరాని సామాన్ల మధ్య అటక మీద ఉన్నాను. నా స్ప్రింగు అలసిపోయింది. ఏమీ తగిలించకపోయినా అరకిలో చూపిస్తానని రాసి, నన్ను పక్కన పెట్టారు. నా స్థానంలో నేల మీద పెట్టే కొత్త యంత్రం వచ్చింది, అంకెలు దానంతట అదే వెలిగిస్తుంది. మంచిదే. గుడ్డలు విప్పి జోకితే చాలు.

నందిని ఆసుపత్రి నుంచి తిరిగివచ్చిన రోజు సంగతి ఒకటి చెప్పాలి. జబ్బు పిల్లలు సంచిలో కదలకుండా వేలాడతారు. ముల్లు వెంటనే నిలుస్తుంది, రాసుకోవడం తేలిక. ఆ రోజు నందినిని కూర్చోబెట్టగానే గుక్కపట్టి ఏడుస్తూ రెండు కాళ్లతో గాలిని తన్నింది. నా ముల్లు ఏడుకూ ఎనిమిదికీ మధ్య కొట్టుకుంటూనే ఉంది. టీచరు పెన్ను పట్టుకుని చూసి చూసి, "ఏం రాయాలె ఆయా?" అంది.

"ఏం రాయకుర్రి, తన్ననియ్యుర్రి" అంది ఈరమ్మ.

రిజిస్టరులో ఆ రోజు గడి ఖాళీగానే ఉంది.

బోయిని మొగులమ్మ,
అరవై నాలుగేళ్లు,
ప్రస్తుతం నారాయణపేటలో చెల్లెలి దగ్గర ఉంటున్నాను.