పాకం ముదిరిన పక్కటెముకలు

మెరుపు మామయ్య లోకంలో భయపడేది ఒక్క డాక్టరుకే. ఆ భయం కూడా ఆసుపత్రి గేటు దాటేవరకే. గేటు బయట కాలు పెట్టాడో లేదో, డాక్టరు చెప్పినవన్నీ ఆ గేటుకే అప్పగించేసి చేతులు దులుపుకుని ఇంటికొచ్చేస్తాడు. వెల్డింగు షెడ్డులో పొద్దస్తమానం నీలిమెరుపులు మెరిపిస్తుంటాడు కనక వీధిలో పిల్లలు ఆయనకు ఆ పేరు పెట్టారు, పెద్దలు దాన్నే ఖాయం చేశారు. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిడ మెరుపత్తయ్య అయిపోయింది. కర్టెన్ల వర్క్‌షాపులో తలొంచుకుని అంచులు కుట్టుకునే మనిషి, ఆవిడకూ మెరుపులకూ ఏ చుట్టరికమూ లేదు.

మామయ్యకు షుగరు. అలాంటి ఇలాంటి షుగరు కాదు. కిందటేడు చెప్పులో నిప్పురవ్వ పడి పాదం మీద చిన్న పుండైతే, చిన్నదే కదా అని వదిలేశాడు. అది మానదే! నెలలు గడుస్తున్నా అలాగే పచ్చిగా ఉంది. చివరికి డాక్టరు అత్తయ్యను పక్కకు పిలిచి, "తీపి మానిపించకపోతే ముందు వేలు, తర్వాత పాదం. ఆపైన మీ ఇష్టమమ్మా" అన్నాడు.

మామయ్యకున్న ఒకే ఒక్క వ్యసనం కోలా. సాయంత్రం షెడ్డు మూసి ఇంటికి రాగానే ఇంత పొడుగు గ్లాసు నిండా నురగలు కక్కే కోలా పోసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఒక గుక్క తాగి "ఆహా" అనాలి. మానమంటే ఏమైందో అత్తయ్యకు బాగా తెలుసు. ఒకసారి సీసా దాచేసింది. అంతే, మామయ్య మూతి ముడుచుకుని, వీధి చివర టీకొట్టు ముందు నిలబడి, ఇంటి గుమ్మంలోంచి ఈవిడకు కనపడేలా, నాలుగు చెంచాల చక్కెర వేయించుకుని మరీ టీ తాగాడు. రెండోది కూడా తాగాడు. పంతం పట్టాడంటే ఆ మనిషికి తన కాలు కూడా గుర్తుండదు.

అందుకని అత్తయ్య మాటలు మానేసి పనిలోకి దిగింది. వర్క్‌షాపులో అమ్మాయిలు తాగి పారేసిన మామూలు కోలా సీసాల లేబుళ్ళు నీళ్ళలో నానబెట్టి చిరక్కుండా ఊడదీసేది. అంగట్లో చక్కెర లేని కోలా కొని, దాని లేబులు పీకి, ఈ లేబులు అతికించేది. మూతలు రెండింటికీ ఒకటే రంగు. సీలు చెక్కు చెదరదు. అంచు మీద అంచు పడేలా అతికించడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్యాయె! మామయ్య సీసా తిప్పి, గ్లాసు నింపి, ఒక గుక్క తాగి "ఆహా" అన్నాడు. తలుపు చాటునున్న అత్తయ్య అప్పుడు గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఏడెనిమిది నెలలయింది. పుండు మెల్లమెల్లగా దగ్గరపడి, ఇప్పుడక్కడ చొక్కా బొత్తామంత మచ్చ మాత్రం మిగిలింది. ఆయన నిద్రపోతున్నప్పుడు ఆ మచ్చను చూసుకుని అత్తయ్య ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో! ఈ గుట్టు రట్టయితే మళ్ళీ పంతం, మళ్ళీ టీకొట్టు, మళ్ళీ పుండు. అందుకే తన అన్నయ్య భార్య, ఒక్క వదినకు తప్ప పిట్టకు కూడా చెప్పలేదు.

అంతా సవ్యంగా సాగుతుంటే మధ్యలో అన్నయ్య ఊడిపడ్డాడు. అత్తయ్యకు స్వయానా అన్నయ్య, మాంసం కొట్టు ఆయనది. బావలిద్దరూ కలిశారంటే ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోవడంతోనే పొద్దు గూకుతుంది.

"పంది పక్కటెముకలు కోలాలో నానబెట్టి నిప్పుల మీద కాల్చాలి బావా. ఎముక పట్టుకుని లాగితే మాంసం దానంతటదే జారిపోవాలి. అదీ నా చేతి వంటంటే" అన్నాడు అన్నయ్య మీసం దువ్వుకుంటూ.

"ఓస్, అంతేనా! నిప్పుతో కాపురం చేసేవాణ్ణి, నాకు చెప్పొచ్చావా? వచ్చే ఆదివారం నేను చేస్తా. నువ్వూ చెల్లెమ్మా వచ్చి వేళ్ళు నాక్కుని వెళ్ళండి."

"నిప్పు ఒక్కటే సరిపోదు బావోయ్. కోలాలో చక్కెర ఉంటుంది చూడు, అది వేడికి పాకంలా చిక్కబడి మాంసానికి అద్దంలా మెరుపు తెస్తుంది. ఆ మెరుపు రాలేదంటే కోలాలో ఏదో తేడా ఉన్నట్టే. సీసా చూస్తే చెప్పేస్తా."

వంటింట్లో ఉన్న అత్తయ్య గుండెల్లో రాయి పడింది.

ఆదివారం పొద్దున్నే మామయ్య వంటగదిని ఆక్రమించుకున్నాడు. వెల్లుల్లి దంచాడు, దంచుతూ సగం నేల మీద చల్లాడు. కారం, మిరియాల పొడి, ఉప్పు, కాస్త వెనిగరు పెద్ద బేసినులో వేసి, అన్నయ్య పంపిన పక్కటెముకలు అందులో పరిచి, ఫ్రిజ్‌లో ఉన్న సీసా తీసి గడగడా ఒంపేశాడు. కోలా బుసబుసా పొంగింది.

"చూశావుటే? మీ అన్నయ్య సాయంత్రం నోరెళ్ళబెట్టాలి."

"చూశాలెండి. ఆ వెల్లుల్లి పొట్టు ఎవరు ఎత్తుతారు?"

"వంటవాడు పొట్టు ఎత్తడు" అని తేల్చేసి, బేసిను ఫ్రిజ్‌లో పెట్టి, మామయ్య పెరట్లోకి వెళ్ళాడు. పాత నూనె డ్రమ్మును నిలువునా కోసి, కాళ్ళు అతికించి, పైన జల్లెడ వేసి ఆయనే తయారుచేసిన పొయ్యి అక్కడుంది. దాన్ని బూడిద పెట్టి తోమడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏనాడూ ఒక్క గిన్నె తోమని మనిషి!

ఇదే అదను అనుకుంది అత్తయ్య. కుట్టుమిషను కింద గుడ్డముక్కల మాటున దాచిన చక్కెర డబ్బా తీసింది. డబ్బా కాస్త తేలిగ్గా అనిపించింది గాని, ఆ కంగారులో పట్టించుకునే తీరిక ఎక్కడిది? రెండు గుప్పెళ్ళ చక్కెర బేసినులో పోసి, చేత్తో కలిపి, వేళ్ళు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పొట్టు ఊడ్చింది. తీపి పడింది, మెరుపు వస్తుంది, ఇక ఎవరూ సీసా జోలికి పోరు. హమ్మయ్య అనుకుంది.

మధ్యాహ్నం దాటాక అన్నయ్యా వదినా వచ్చారు. అన్నయ్య నేరుగా పెరట్లోకి వెళ్ళి పొయ్యికి వంకలు పెట్టడం మొదలెట్టాడు. వదిన వంటింట్లోకి వచ్చి, అత్తయ్య చెయ్యి పట్టుకుని, "ఆ సీసానేనా?" అని గుసగుసగా అడిగింది. అత్తయ్య తలూపేలోపే పెరట్లోంచి "పళ్ళేలు!" అని కేక వినపడింది. ఆవిడ పళ్ళేలు పట్టుకుని పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి వదిన కొళాయి దగ్గర నిలబడి తీరిగ్గా చేతులు కడుక్కుంటోంది.

బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. మామయ్య షెడ్డులో వేసుకునే తోలు చేతితొడుగులు తొడుక్కుని, పట్టకారుతో పక్కటెముకలు ఒక్కొక్కటే జల్లెడ మీద పేర్చాడు. చుయ్యిమంది. కమ్మటి వాసన లేచింది. ముక్కలు కాసేపట్లోనే తళతళలాడాయి. అత్తయ్య మనసు కుదుటపడింది.

"వచ్చిందయ్యా మెరుపు! ఊరికే పెట్టారా నాకా పేరు?" అని మామయ్య తొడ చరిచాడు.

ఆ చప్పుడు ఆగకముందే ఎర్రటి మెరుపు గోధుమ రంగైంది, గోధుమ రంగు నలుపైంది. బొట్లుబొట్లుగా పాకం బొగ్గుల మీద కారింది. కారిన ప్రతిచోటా మంట భగ్గుమంది. మామయ్య ఇటు తిప్పేసరికి అటు అంటుకుంది, అటు ఊదేసరికి ఇటు అంటుకుంది. నల్లటి పొగ గోడ దాటి పక్కింటి కిటికీలోకి దూరింది. "మెరుపు మామయ్యా, ఆదివారం కూడా పనేనా?" అని అక్కడి నుంచి ఎవరో దగ్గుతూ అరిచారు.

"బావా, ఇది వంటా, వెల్డింగా?" అన్నాడు అన్నయ్య, కడుపు పట్టుకుని నవ్వుతూ.

మామయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కానీ ఎవరి మీద అవ్వాలో తెలియక, పట్టకారు మీద విసుక్కుంటూ ముక్కలన్నీ పళ్ళెంలోకి లాగాడు. అన్నయ్య జేబులోంచి చాకు తీసి ఒక ముక్క మీది నల్లటి పెచ్చు గీకి, నాలుక మీద వేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఎంత చక్కెర పోశావయ్యా ఇందులో? మిఠాయి కొట్లో కూడా ఇంత ఉండదు."

"చక్కెరా? నేనెందుకు పోస్తాను? కోలా తప్ప ఇంకేమీ లేదు" అన్నాడు మామయ్య, డ్రమ్ము వైపు చూస్తూ.

"అయితే ఆ కోలాలోనే ఏదో ఉంది. ఏదీ, ఆ సీసా ఇలా తే. దాని సంగతేమిటో చూద్దాం" అంటూ అన్నయ్య తనే వంటింట్లోకి వెళ్ళి ఖాళీ సీసా పట్టుకొచ్చాడు. అటూ ఇటూ తిప్పాడు. ఫ్రిజ్ తడికి లేబులు అంచు ఒక మూల లేచి ఉంది. ఆయన బొటనవేలు మెల్లగా ఆ మూల కిందికి జారుతోంది.

"నేనే పోశాను!" అని అరిచింది అత్తయ్య. సీసా లాక్కుని కొంగు చాటున పెట్టుకుంది. "చక్కెర నేనే పోశాను అన్నయ్యా. రెండు గుప్పెళ్ళు."

మామయ్య చేతిలో పట్టకారు కింద పడింది. "నువ్వా? మరి నేనూ రెండు గుప్పెళ్ళు వేశానే!"

అప్పుడు వదిన బిక్కమొహం వేసుకుని, "నేను కూడా కాస్త తేనె..." అంది.

"కాస్తంటే?"

"సీసాడు."

అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ముగ్గురినీ వరసగా చూశాడు. "బాగుంది! ముగ్గురూ కలిసి మాంసానికి కూడా షుగరు తెప్పించారు కదర్రా! నాకూ ముందే చెప్పి ఉంటే ఓ బెల్లం దిమ్మ పట్టుకొచ్చేవాణ్ణి" అని, పెచ్చులన్నీ చాకుతో చెక్కడం మొదలుపెట్టాడు. లోపలి మాంసం మాత్రం మెత్తగా, దూదిపింజలా ఎముక నుంచి ఊడి వస్తోంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, కూర్చోండి. తినొచ్చు" అన్నాడు. అన్నయ్య నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ విని ఎరగరు.

అత్తయ్య మాత్రం కూర్చోలేదు. ఆవిడ బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. కోలాలో చక్కెర ఉంటుందని అందరికీ తెలిసిందే. ఉన్నదాంట్లో ఈయన మళ్ళీ చక్కెర ఎందుకు పోసినట్టు? పొద్దున డబ్బా తేలిగ్గా ఉన్నది అందుకేనా? అసలు మిషను కింద డబ్బా సంగతి ఈయనకెలా తెలుసు?

"ఏమండీ, ఒకసారి లోపలికి రండి" అంది.

వంటింట్లో మామయ్య తప్పుచేసిన పిల్లాడిలా చేతితొడుగులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"మీకు తెలుసా?"

"ఏం తెలుసా?"

"నా దగ్గరా ఈ నాటకాలు?"

మామయ్య తల గోక్కున్నాడు. "మొదటి రోజే తెలిసింది. అతుకులు పెట్టి బతికేవాణ్ణి, అతుకు చూస్తే తెలీదుటే? పైగా ఆ రుచి! నాలుక కాలినవాడికైనా తెలిసిపోతుంది."

"మరి తెలిసీ అనలేదేం? సీసా దాచిన రోజు వీధిలో నిలబడి అంత రభస చేశారుగా!"

"అంటే పంతం పట్టాలి కదా. పట్టకపోతే నా పరువేం కావాలి? పంతం పడితే టీకొట్టుకు పోవాలి." ఆయన గొంతు తగ్గించాడు. "నాకు టీకొట్టుకు పోవాలని లేదే. డాక్టరు నిన్ను పక్కకు పిలిచి చెప్పింది నేనూ విన్నాను. భయమేసింది. నువ్వు లేబుళ్ళు మారుస్తూ కూర్చున్నంత కాలం నేను భయపడినట్టు ఎవరికీ తెలియదు. ఇవాళ మెరుపు రాకపోతే మీ అన్నయ్య సీసా పట్టుకుంటాడు, నీ గుట్టు బయటపడుతుంది, అప్పుడు నేను అలగాలి. ఆ గొడవంతా ఎందుకని రెండు గుప్పెళ్ళు వేసేశాను."

అత్తయ్యకు తిట్టాలనుంది, ఆ పాదం మీద చెయ్యి వేయాలనుంది. ఇన్నాళ్ళూ తానే ఈయన్ని కాపాడుకొస్తున్నాననుకుంది. నిజమే, కానీ ఈయన కూడా రోజూ వచ్చి బుద్ధిగా కూర్చుని కాపాడించుకున్నాడు!

ఫ్రిజ్ తలుపు తీసింది. రేపటికని అతికించి పెట్టిన ఇంకో సీసా ఉంది. మూత తిప్పి, ఆయన పొడుగు గ్లాసులోనే సగానికి పోసింది. ఆవిడకు బుసబుసలాడే పానీయాలంటే పడదు. ఇన్ని నెలల్లోనూ ఒక్క చుక్క నోట పెట్టి చూడలేదు. ఇప్పుడు పెద్ద గుక్క తాగింది.

మొహం ముడుచుకుపోయింది. తియ్యగా ఉందో చేదుగా ఉందో తెలియదు, నాలుక మీద ఇనప తుప్పు రాసినట్టుంది. మింగాక కూడా వదలడం లేదు.

"ఇదా? రోజూ ఇది తాగా మీరు ఆహా అన్నది?"

"మరేమనమంటావు? తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడేదానివి."

అత్తయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. గ్లాసు మళ్ళీ ఎత్తి, ముక్కు మూసుకుని, అడుగు చుక్క దాకా తాగేసింది.

"ఆహా" అంది.