గోవిందమ్మ బీపీ

గోవిందమ్మను పలకరించకుండా పుంగనూరులో బస్సెక్కినవాడు ఇంకా పుట్టలేదు. పలకరిస్తే ఆమె బదులు పలకని రోజూ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా, ఆ లెక్కన ఊరంతా ఆమెకు చుట్టమే. అట్లాంటి నోరే ఆమె కంటికి అడ్డం పడుతుందని ఎవరనుకుంటారు?

మదనపల్లెలో పట్టుదారం తీసే షెడ్డు ఒకటుంది. గోవిందమ్మ రోజూ బస్సులో పనికి పోయేది అక్కడికే. వేన్నీళ్ళలో తేలే పట్టుగూళ్ళ నుంచి, వెంట్రుక కంటే సన్నని పోగు కొసను వెతికి పట్టుకోవాలి. కళ్ళలో శుక్లాలు ముదిరి ఆ కొస ఆమెకు దొరక్కుండా పోయింది. పక్క తొట్టి దగ్గర కూర్చునే అంజమ్మ తన పని ఆపుకుని మరీ పోగు అందిస్తూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఈ నెల దాటితే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని తేల్చి చెప్పేశాడు.

పుంగనూరు చివరనున్న మిషన్ ఆసుపత్రికి కుప్పం నుంచి కంటి డాక్టరు నెలకొకసారి వస్తాడు. బీపీ నూట అరవై దాటితే ఆయన కంటిమీద కత్తి పెట్టడు. గోవిందమ్మను ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపాడు. మాత్రలు మింగినా అంకె దిగలేదు. ఈసారి కూడా దిగకపోతే కంటితోపాటు షెడ్డులో చోటూ పోయినట్టే.

నర్సు తబిత ఆమె చేతికి బీపీ పట్టా చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. గాలి బుడ్డ నొక్కుతుండగానే హాల్లోంచి ఎవరో కేకేశారు.

"గోవిందమ్మక్కా, బాగుండావా?"

"ఉండానప్పా! నీ కోడలికి కాన్పయిందా? ఆడబిడ్డా, మగబిడ్డా?"

స్టెతస్కోపులో గుండె చప్పుడు మీద ఆ మాటలే గుంయ్‌మన్నాయి. నూట డెబ్బై రెండు. తబిత పట్టా వదులు చేసింది.

"పోయిన తూరి కూడా ఇట్లే మాట్లాడితివా అమ్మా?"

"పలకరిస్తే పలకొద్దా తల్లీ? మన్లో మనకు అంత పొగరు యాల?"

పోయినసారి బీపీ చూసింది తానేనని అప్పుడు గుర్తొచ్చింది తబితకు. పట్టా చుడుతూ మనవరాలి సంగతి అడిగిందీ తనే. మాట్లాడుతుంటే బీపీ ఎగబాకుతుందని తెలిసీ మరిచిపోయినందుకు తనను తాను తిట్టుకుంది. విడిగా కూర్చోబెడదామంటే, ఉన్న ఒక్క గదిలో కంట్లో చుక్కలు వేయించుకున్నవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. దాంతో హాలుకే చెప్పింది.

"కొంచేపు ఎవరూ మాట్లాడొద్దండి. ఈమె ఆపరేషన్ ఆగిపోతాది."

ఆ మాటకు హాలు హాలంతా నోరు మూసుకుంది. ఏడ్చే బిడ్డను తల్లి బయటికి ఎత్తుకుపోయింది. అప్పుడే లోపలికొచ్చిన టమోటా రైతు వెంకటప్ప పలకరింపుకు నోరు తెరిస్తే నలుగురు కళ్ళురిమారు. ఇంతమందిని మూగవాళ్ళను చేయగలిగిన ఈమె ఎంత అభిమానం సంపాదించుకుందో అని తబితకు ముచ్చటేసింది. కాసేపాగి మళ్ళీ చూసింది.

నూట అరవై ఎనిమిది.

గోవిందమ్మ హాలంతా ఒకసారి కలయజూసింది. "ఇంతమంది కూసోని ఒక్కరూ నోరెత్తకపోతే నడిమధ్య శవాన్ని పెట్టుకున్నట్టుండాది తల్లీ. ఆ శవం నేనే అనిపిస్తాండాది. గుండె దడదడ అంటాండాది."

తబిత అందరివైపూ తిరిగింది. "మీరు మాట్లాడుకోండి. ఈమెను ఎప్పటిమాదిరే పలకరించండి. ఈమె మాత్రం పలకదు."

"పలక్కపోతే ఎట్లమ్మా?" గోవిందమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను పలుకుతాలే అక్కా."

అన్నది అంజమ్మ. తోడుగా వచ్చి, సంచి పట్టుకుని కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆమె గొంతు విన్నవాళ్ళు షెడ్డులోనే తక్కువ. బస్సులో ఆమెకు టికెట్టు అడగాలన్నా గోవిందమ్మే అడుగుతుంది.

వెంకటప్ప గొంతు సవరించుకున్నాడు. "గోవిందమ్మా, బాగుండావా?"

అంజమ్మ సంచి కింద పెట్టింది. "బాగుండాదప్పా. టమోటా రేటు ఎట్లుండాది? ఈ తూరన్నా మిగిలిందా?"

"మీ మనవరాలు స్నేహకు సీటొచ్చిందా?" ఇంకొకావిడ అడిగింది.

"వచ్చిందమ్మా, నర్సింగులో. మీ ఆయన మోకాళ్ళు తగ్గినాయా?"

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. అచ్చం గోవిందమ్మ మాటే, కాకపోతే మెల్లిగా, కొంచెం సిగ్గుగా. గోవిందమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. బిగుసుకున్న భుజాలు దిగాయి. తబిత తొందరపడలేదు. ఆమె ఊపిరి నిదానించేదాకా ఆగి, బుడ్డ నొక్కి, మెల్లగా గాలి వదిలింది. ముల్లు దిగుతూ దిగుతూ నూట నలభై ఆరుకు వచ్చినప్పుడు గుండె మొదటి టక్కు వినిపించింది. నమ్మలేక కాసేపాగి ఇంకోసారి చూసింది. నూట నలభై నాలుగు. ఎన్నో గుండెలు విన్న చెవులే అవి, అయినా ఆ ఇద్దరి ముందూ చేతులు జోడించాలనిపించింది తబితకు.

డాక్టరు అంకె చూసి సరేనన్నాడు. ఆపరేషన్ ఆ రోజే.

పట్టా విప్పారని తెలియగానే వెంకటప్ప ఆగలేకపోయాడు. "ఇంక మాట్లాడొచ్చంట గదా గోవిందమ్మా! ఎట్లుండావో నువ్వే సెప్పు!"

గోవిందమ్మ అంజమ్మ చెయ్యి పట్టుకుంది.

"దీన్నే అడుగప్పా. దీనికి మాటలు రావనుకోని, ఇన్నేండ్లూ దీని మాటలు గూడా నేనే ఆడేస్తిని. ఇంక ఇది మాట్లాడనీ, నేను ఇంటాను."