సులైలో నార్వే

నడివేసవిలో నార్వే చూడాలంటే రియాద్‌లో వీసా అక్కర్లేదు. ఊళ్లోనే సులై పేట గోదాముల్లో కోడిమాంసం దాచే కోల్డ్ స్టోర్ తలుపు తీస్తే చాలు. బయట ఇనుప గేటు ముట్టుకుంటే బొబ్బలెక్కే ఎండ, లోపల మైనస్ ఇరవై. ఆ లోపలే స్వామి ఉద్యోగం. జగిత్యాలలో ఉన్న భార్య సృజనకు మాత్రం "ఏసీల నౌకరి" అని చెప్పుకున్నాడు. అబద్ధమనడానికి లేదు, చల్లదనానికి ఏ లోటూ లేదు మరి! నిజం తెలిస్తే దిగులుతో ఆమెకు కంటిమీద కునుకుండదని అతని భయం. రెండేళ్లుగా ఆ ఒక్క మాటనే కాపాడుకుంటూ వస్తున్నాడు.

కంపెనీవాళ్లకు ఈసారి క్యాలెండర్ మీద ఉత్తరధ్రువపు ఆకాశంలో ఆడే పచ్చటి కాంతులు కావాల్సి వచ్చాయి. వాటికీ కోడి తొడలకూ సంబంధమేమిటని అడిగేవాడు మార్కెటింగ్‌లో ఉండడు. చలి మన దగ్గరే ఉండగా నార్వేకు టికెట్లెందుకన్నారు. కెమెరాతో హైదరాబాదు ఫొటోగ్రాఫర్ ఇష్తియాక్ దిగాడు. వెనక నల్లగుడ్డ కట్టించి, పెళ్లి పందిళ్లకు చుట్టే పచ్చలైట్ల తీగను ఊపిస్తే కాంతులు తయార్. వాటిని ఫొటో తీస్తున్న యాత్రికుడి వేషం స్వామికి దక్కింది. పిలిపించిన మోడల్ లోపల ఒక కాలు పెట్టి, అదే కాలు వెనక్కి తీసుకుని అటునుంచి అటే వెళ్లిపోయాడు.

స్వామికి బొచ్చుటోపీ, మందపాటి కోటు, కొత్త గ్లౌజులు వచ్చాయి. చిరిగిన గ్లౌజులు మార్చమని ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటున్నవాడు, పొంగిపోయాడు. తీరా చూస్తే వేటికీ ధర చీటీలు ఊడదీయలేదు. సాయంత్రానికల్లా అన్నీ దుకాణానికి వాపసట.

"స్వామి భాయ్, గ్లౌజులు తీసెయ్. నీ చేతిల కెమెరా మీద వేళ్లు కనబడాలె. జర కదలకు, హిల్‌నా నక్కో," అన్నాడు ఇష్తియాక్.

"చేతులు కొంకర్లు పోతున్నయ్ సార్."

"గదే కావాలె భాయ్! ఎక్స్‌ప్రెషన్ నేచురల్‌గ వస్తది."

చలికి ఇష్తియాక్ కెమెరా బ్యాటరీ చచ్చింది. పాపం, దాన్ని బయటికి తీసుకెళ్లి, గుడ్డలో చుట్టి వెచ్చబెట్టారు. లెన్సుకు ఆవిరి పట్టకుండా మెత్తటి గుడ్డతో తుడిచారు. స్వామి వేళ్ల సంగతి ఎవరికీ తోచలేదు. బ్యాటరీకైతే స్పేరుంది, వేళ్లకు ఉండదని కంపెనీకి తెలియదు కాబోలు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. కోటూ గ్లౌజులూ దుకాణానికి వెళ్లిపోయాయి. ఫోన్‌లో ఫొటో మిగలగానే స్వామికి గొప్ప చెప్పుకోవాలనిపించింది. "కంపెనీ నార్వే టూర్ తోల్కపోయింది" అని రాసి సృజనకు పంపాడు. కాసేపటికే ఫోన్ మోగింది.

"లైట్లు మంచిగున్నయ్," అంది సృజన. స్వామి ఉబ్బిపోయాడు. "మరి ఆ వేళ్లేంది, గట్ల కమిలినయ్?"

"గదా... ఫొటోల గట్ల పడ్డది."

"రెండేండ్ల సంది వీడియో కాల్ల చూస్తనే ఉన్న. ఎండకాలంల గూడ చాయ్ గిలాస రెండు చేతులల్ల పట్టుకొని కూసుంటవ్. ఏసీల పనిజేసేటోడు గట్ల పట్టుకుంటడా? నువ్వే చెప్తవని ఊకున్న."

స్వామికి ముందు సిగ్గేసింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆమెకు దిగులు తెలియకుండా కాపాడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"నార్వేల గ్లౌజులు మంచియి దొరుకుతయంట," అంది సృజన. "రెండు జతలు కొనుక్కో. అవి తొడుక్కొని గప్పుడు పంపు ఫొటో."