లచ్చవ్వ దిగిన మెట్లు

చెంచా పెదవికి తగలగానే లచ్చవ్వ నోరు తెరిచింది. భాగ్య రాగిజావ కొద్దిగా లోపలికి వంచి, గొంతు కదిలేదాకా ఆగింది. సగం మింగింది, సగం గడ్డం మీదుగా కారింది. కొంగుతో తుడిచి మళ్లీ చెంచా ముంచింది.

నాంపల్లి స్టేషన్ వెనక బస్తీలో వాళ్లది ఒకటే గది. రైలు ఏదైనా ప్లాట్‌ఫారానికి చేరినప్పుడల్లా గోడకున్న గిన్నెల స్టాండు సన్నగా వణుకుతుంది. ఆ చప్పుడుకు లచ్చవ్వ ఉలిక్కిపడి రెండు చేతులూ గాలిలోకి చాచింది. వేళ్లు విచ్చుకున్నాయి. తర్వాత ఆ చేతులు మెల్లగా గుండెలమీదికి ముడుచుకున్నాయి. నెలల పసిపిల్లలు అలాగే ఉలిక్కిపడతారు. అలాంటివాళ్లను భాగ్య రోజూ చూస్తుంది.

లచ్చవ్వ ఆమె అత్త. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు జోగిపేట దిక్కు పొలాల్లో నాటువేసిన నడుము, నెత్తిమీద గడ్డిమోపు పెట్టుకుని గట్టుమీద నడిచిన కాళ్లు. ఇప్పుడు మోకాళ్లు కడుపులోకి పోయి, ఒళ్లంతా పిడికిలంత అయిపోయింది. ముఖం మాత్రం వింతగా మారింది. నుదుటి ముడతలు ఒక్కొక్కటే చదునైపోయాయి. రాలిన జుట్టు స్థానంలో, నడినెత్తిన, మెత్తటి నూగు మొలిచింది. పొద్దున నూనె రాసేటప్పుడు భాగ్యకు అక్కడినుంచి వాసన వచ్చింది. ముసలివాళ్ల వాసన కాదు. పచ్చిపాల వాసన.

"అత్తా, జర నవ్వు," అంది భాగ్య, చెంపమీద వేలితో మెల్లగా తడుతూ.

నిన్నటిదాకా నవ్వేది. భాగ్య ముఖం కనబడగానే పళ్లులేని చిగుళ్లు బయటపడేవి. ఇవాళ ఆ కళ్లు ఆమె ముఖాన్ని దాటుకుని గది మూలకు, పైకప్పు రేకు కలిసేచోటికి పోయి అక్కడే నిలిచాయి. భాగ్య తిరిగి చూసింది. అక్కడ ఏమీ లేదు.

పక్కింటి రజని చీరలకు ఫాల్ కుట్టే పని పట్టుకుని వచ్చి గడపలో కూచుంది. పగలు లచ్చవ్వను చూసుకునేది ఆమే. "నువ్వు పో అక్కా, నేనున్న కదా," అంది. భాగ్య మొగుడు అంజన్ స్టేషన్లో పార్శిళ్లు మోసే పనికి అప్పటికే వెళ్లిపోయాడు.

ఆదివారం కావడంతో అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచారు. జనం వంగి వంగి చూస్తున్నారు. భాగ్య వాళ్ల మధ్యనుంచి పక్కకు తప్పుకుంటూ పెద్ద పోస్టాఫీసు దాటి సందులోకి తిరిగింది. రెండో అంతస్తులో పిల్లల ఎదుగుదలను చూసే క్లినిక్. తల్లిదండ్రులకు సెలవు కాబట్టి ఆదివారమే అక్కడ రద్దీ.

ఆమె అక్కడ ఆయా. చాపలు తుడవడం, బొమ్మలు కడగడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వరండాలో తిప్పడం. పిల్లల్లేని మనిషి కాబట్టి ఆ పనిలో చేరిన కొత్తలో ఇంట్లో పెద్ద గొడవైంది. "గా పిల్లలకేమన్న అయితే ఎవరిది పాపం?" అంది లచ్చవ్వ. అంతకుముందు ఒకసారి, బస్తీలో ఎవరింట్లోనో తొట్టెల వేడుక జరుగుతుంటే, భాగ్య చేతిలోని పసిబిడ్డను అందరి ముందూ లాగేసుకుంది. "నీ నీడ పడొద్దు," అంది. గట్టిగా కూడా అనలేదు. పాలమీద మూత పెట్టమని చెప్పినట్టు, మామూలుగా అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాళ్లిద్దరూ ఒకే గదిలో, ఒకే పొయ్యిమీద వండుకుని తిన్నారు. భాగ్య ఇచ్చిన నీళ్లు తాగేముందు అత్త గ్లాసులోకి ఒకసారి చూసుకునేది. ఆ చూపును భాగ్య ఎన్నడూ మరిచిపోలేదు.

క్లినిక్ గోడమీద పెద్ద పటం ఉంది. అన్నిటికన్నా కింద నవ్వుతున్న పాప. దాని పైన మెడ నిలిపిన పాప, బోర్లాపడిన పాప, కూచున్న పాప, పాకే పాప, నిలబడిన పాప, మాటలు నేర్చిన పాప. భాగ్య దాన్ని రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది. మొదట్లో అది పిల్లల పటమే. లచ్చవ్వకు మతిమరుపు మొదలయ్యాక మరోలా కనిపించసాగింది.

ముందు లచ్చవ్వ కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. తర్వాత, ఎప్పుడో చనిపోయిన మొగుడు బిచ్చయ్యకు సద్ది పట్టుకుని స్టేషన్ రోడ్డుమీదికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు మొగుడే గుర్తులేకుండా పోయాడు. కన్నకొడుకును చూసి తలుపు చాటుకు పోయి, "ఎవరే గా మొగోడు? నాకు సిగ్గయితుంది," అంది. జుట్టు రెండు పాయలు చేసి వేసుకుంది. గచ్చకాయలు ఆడింది. తర్వాత పక్క తడపసాగింది. మాటలు ఒక్కొక్కటే రాలిపోయి చివరికి ఒకే మాట మిగిలింది. అది భాగ్యను చూసినప్పుడే వచ్చేది. "అమ్మా."

క్లినిక్ నడిపే డాక్టర్ శ్రీనిధికి భాగ్య ఇదంతా ఒకరోజు చెప్పింది. ఆమె ఓపిగ్గా విని, "మనుషులు ఎక్కిన మెట్లమీదుగానే తిరిగి దిగుతారని కొందరు డాక్టర్లంటారు భాగ్యమ్మా. అందరికీ అచ్చం అలాగే జరగదు," అంది. మళ్లీ అంది: "పసిబిడ్డ అన్నిటికన్నా ముందు నేర్చుకునేది నడకా కాదు, మాటా కాదు. ఏడిస్తే ఎవరో వస్తారనే నమ్మకం. మిగతా జీవితమంతా దానిమీదే నిలబడుతుందంటారు. పోయేటప్పుడు ఆఖరిదాకా మిగిలేదీ అదేనేమో. మీరు దగ్గరుంటే చాలు."

ఇవాళ పటం తుడుస్తూ భాగ్య చెయ్యి అన్నిటికన్నా కింది బొమ్మ దగ్గర ఆగిపోయింది. నవ్వే పాప. దాని కింద ఇంకే బొమ్మా లేదు. ఖాళీ కాగితం, తర్వాత గోడ.

మధ్యాహ్నానికి వెంకటరత్నమ్మ అనే పెద్దావిడ మనవరాలిని తీసుకుని వచ్చింది. పాప పేరు అనూహ్య. నెలలు నిండకముందే పుట్టడంతో అప్పుడప్పుడూ చూపిస్తున్నారు. శ్రీనిధి చాపమీద కూచుని ఎర్రబంతిని పాప ముందు దొర్లించి, తువ్వాలు కింద దాచింది. పోయినసారి బంతి కనిపించకపోతే పాప దాని సంగతే మరిచింది. ఈసారి తువ్వాలు లాగి పారేసి, బంతిని చూసి కేరింత కొట్టింది.

"హమ్మయ్య! వెతుకుతోందండీ," అంది శ్రీనిధి నవ్వుతూ. "కనబడనంత మాత్రాన లేకుండా పోలేదని తెలిసింది పిల్లకి."

అప్పుడే బయట మసీదులో మధ్యాహ్నపు అజా మొదలైంది. పాప బంతి వదిలేసింది. గదిలో అంతమంది ఉండగా గోడవార నిలబడ్డ భాగ్యవైపే చూసింది. గబగబా పాక్కుంటూ వచ్చి, ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడింది. భాగ్య ఎత్తుకుంది. పాప ముఖం అటూ ఇటూ తిప్పుతూ, నోటితో వెతుకుతూ, ఆమె రవికెకు మూతి ఆనించింది.

భాగ్యకు రొమ్ములు ఒక్కసారిగా సలిపాయి. వేలకొద్దీ సూదులు లోపలినుంచి గుచ్చినట్టయింది. వెచ్చగా ఏదో జారింది. కిందికి చూసుకుంటే రవికె ముందుభాగం తడిసి ఉంది.

వెంకటరత్నమ్మ పాపను అందుకోబోయి ఆ తడి చూసింది. "అయ్యో, పాలు పడుతున్నాయే నీకు! ఇంట్లో పసిపిల్లున్నట్టుందే? పాపం, వదిలిపెట్టి వచ్చావా అమ్మా?"

భాగ్యకు యాభై దాటాయి. ఆమె కడుపు ఎన్నడూ పండలేదు. ఆ సంగతే చెప్పాలని నోరు తెరిచింది. "ఔనమ్మా," అంది. "ఉన్నది ఇంట్ల."

శ్రీనిధి ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్లింది. "ఏవైనా మాత్రలు వాడుతున్నారా? ఒంట్లో కొన్ని ఎక్కువ తక్కువలైనప్పుడు ఇలా అవుతుంది. కంగారు పడకండి. రేపు రక్తపరీక్ష చేయిద్దాం," అంది. భాగ్య తలూపింది. ఆమెకు కంగారుగా లేదు. ఎవరో పిలుస్తున్నట్టుగా ఉంది. గొంతు వినబడటం లేదు, పిలుపు మాత్రం తెలుస్తోంది.

"నేను ఇంటికి పోత మేడం."

"వెళ్లండి. వెంటనే వెళ్లండి."

ఎండలో నాంపల్లివైపు నడిచింది. మెట్రో స్తంభాల నీడలో ఆటోలు నిలిచి ఉన్నాయి. ఒక ఆటోవాలా పిలిచాడు. ఆమె వినలేదు. నడుస్తున్నంతసేపూ సలుపు తగ్గలేదు. కొంగు ముందుకు లాక్కుని కప్పుకుంది.

సందు మలుపులోనే రజని ఎదురొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నీకే ఫోన్ చేద్దామని బయటికొచ్చిన అక్కా. అజా అయితుంటె సురువు చేసింది, ఒకటే ఏడుపు. ముసలోళ్ల గొంతు కాదక్కా అది. అప్పుడే పుట్టిన పోరగాని ఏడుపు. సందులోళ్లంత వచ్చి చూసిన్రు, ఎవరికి కాన్పయిందని. నాకు భయమైంది."

"ఇప్పుడు?"

"ఊకున్నది. నోరు మాత్రం ఆడిస్తనే ఉన్నది. జావ పోసిన, తాగలె. నీళ్లు పోసిన, తాగలె."

భాగ్య గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసింది. లోపల మసకగా, చల్లగా ఉంది. ఆ పచ్చిపాల వాసన గదంతా నిండి ఉంది. లచ్చవ్వ పక్కకు తిరిగి ముడుచుకుని ఉంది. పెదవులు గుండ్రంగా చుట్టి, గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. భాగ్య కింద కూచుని గోడకు ఆనుకుంది. అత్త తలను ఎత్తి మోచేతి వంపులో పెట్టుకుంది. ఏమీ బరువు లేదు. పొద్దున ఎత్తి పక్క మార్చినప్పుడున్న బరువు కూడా లేదు.

"అత్తా," అని పిలిచింది. ఆ మాట అక్కడ అతకలేదు.

తొట్టెల దగ్గర తన చేతుల్లోంచి బిడ్డను లాక్కున్న ఈ వేళ్లు ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చి ఆమె చూపుడువేలును చుట్టుకున్నాయి. గట్టిగా, గోళ్లు దిగేలా. వెనక్కు లాక్కుందామని ఒక్కక్షణం అనిపించింది. నీ నీడ పడొద్దు అన్నావు కదా. ఇప్పుడు ఎవరి నీడన పడుకున్నావు?

లచ్చవ్వ సన్నగా కుయ్‌మంది. భాగ్య రొమ్ముల్లో మళ్లీ సూదులు గుచ్చుకున్నాయి.

"వచ్చిన బిడ్డా," అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "వచ్చిన. ఏడ్వకు."

కొంగు కప్పి దగ్గరకు తీసుకుంది. వెతుకుతున్న నోటికి దొరికింది. లచ్చవ్వ కళ్లు మూసుకుంది. గుటక పడిన చప్పుడు భాగ్యకు స్పష్టంగా వినిపించింది. ఒకటి, కొంచెం ఆగి ఇంకొకటి. గ్లాసులోకి చూసుకోలేదు. ఎవరి చేతులని అడగలేదు. భాగ్య కంటినుంచి నీళ్లు ఆ నూగుజుట్టులోకి రాలుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చెయ్యి తల కింద ఉంది, ఇంకో చేతి వేలు అత్త పిడికిట్లో ఉంది.

రైలు వచ్చింది. గిన్నెల స్టాండు వణికింది. లచ్చవ్వ ఈసారి ఉలిక్కిపడలేదు. భాగ్య అది గమనించింది, అయినా కదలలేదు. వేలు చుట్టూ ఉన్న పట్టు కొద్దికొద్దిగా సడలి, చివరికి వేళ్లు ఊరికే ఆనుకుని ఉన్నాయి.

అంజన్ పని ముగించుకుని వచ్చేసరికి పొద్దు గూకుతోంది. తలుపు తోసి, చీకట్లో గోడకానుకుని కూచున్న భార్యను చూశాడు.

"ఏమన్న తిన్నదా అమ్మ?"

"పాలు తాగింది. పండుకున్నది."

అతను లైటు వేశాడు. తల్లి పెదవి చివర తెల్లటి చుక్క ఒకటి నిలిచి ఉంది. ముఖంలో ఒక్క ముడత లేదు. అంజన్ దగ్గరికి వచ్చి పాదం ముట్టుకుని, చెయ్యి అక్కడే ఉంచాడు. తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున బస్తీవాళ్లు వచ్చి స్నానం చేయించారు. పాడె మోసినవాళ్లు సందు మలుపు తిరిగాక, ముందున్నతను వెనక్కు తిరిగి, "మనిషిని కట్టిన్రా లేదా?" అని అడిగాడు. అంత తేలిగ్గా ఉందట. ఆ మాట రజని వచ్చి భాగ్యకు చెప్పింది.

గది కడగడానికి రజని చీపురు పట్టుకుంది. మూలనున్న బొంతను చుట్టబోయింది.

"గా బొంత ఉండనియ్యి," అంది భాగ్య.

రజని దాన్ని చూసి చెయ్యి వెనక్కు తీసుకుంది. పాత చీరలతో కుట్టిన ఆ బొంత నడిమధ్యన గుంత ఒకటి పడి ఉంది. మూరెడు కూడా లేదు. ఒకవైపు చిన్న తల, ఇంకోవైపు ముడిచిన మోకాళ్లు ఆనిన చోటు తెలుస్తున్నాయి. తెరిచిన తలుపులోంచి ఎండ దానిమీద పడుతోంది. బొంత ఇంకా లేచి చదును కాలేదు.