ఉప్పుమళ్లలో మూగవోయిన రేడియో

పొట్నూరు నాగభూషణరావను నొక పెద్దమనిషి నా బ్రతుకును ఉప్పునీటఁ గలిపెను. ఈ ముక్క ముందుగాఁ జెప్పినఁగాని నాకుఁ గలము సాగదు గనుకఁ జెప్పితిని. ఇఁకఁ గథ వినుఁడు.

వైశాఖమాసమున సూర్యుఁడు సాగరగర్భమునుండి కాఁగిన రాగిచెంబువలె వెలువడి గగనమున కెగఁబ్రాఁకుచుండఁగాఁ దూర్పుతీరమునందలి మా ఉప్పుమళ్లు దర్పణసహస్రములై యాకాశమునంతయుఁ దమలో నిముడ్చుకొని కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండెడివి. గట్లవెంబడి శంఖధవళములైన లవణరాసులు హిమగిరిశిశువులవలె బారులు దీఱియుండఁగా చీలమండలోఁతు ఉప్పునీట నిలిచి చెక్కపలకలతో నుప్పు లాగెడి స్త్రీపురుషుల పాదములు నెఱియలువాఱి నెత్తురోడుచుండెడివి. హిమగిరులన్న పోలిక దూరమునుండి చూచువానికే. ఆ తెల్లదనమున నిలిచినవాని కది నిప్పులకుంపటి.

ఆ మళ్ల కొక గొంతు గలదు. అది రేడియో. మా సహకారసంఘమువారు చాలయేండ్లక్రిందట మెరకమీఁద నొక చిన్న ప్రసారకేంద్రమును నెలకొల్పి అందు మాటలాడుటకుఁ గొర్ల పారమ్మ యను నామెను నియమించిరి. గట్టుగట్టునకు నొక గుంజ గుంజగుంజకు నొక రేడియో. ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుక్రుంకువఱకు దాని నోరు నొక్కుట కెవ్వరికిని నధికారము లేదు. అది మా మళ్ల కట్టుబాటు. వాతావరణమువారి కబురు చెవినిఁబడిన తక్షణమే పారమ్మ యెంత మంచిపాట నడుచుచున్నను నడుమనే త్రుంచి "ఒలే, వానొచ్చేస్తంది, కమ్మలు కప్పీండి" యని కేకవేసెడిది. ఆ కేకతో మళ్లలోని నలువదిమందియు నొక్కపెట్టునఁ బలకలు పాఱవైచి తాటికమ్మలకై పరుగెత్తి రాసులను గప్పెడివారు. వినఁగోరినవానికిని వినఁగోరనివానికిని సమానముగా వినఁబడుటయే యా యంత్రధర్మము.

నేను ఆఱవతరగతితోఁ జదువు చాలించినవాఁడను. ఆ యేఁడు మూఁడు మళ్లు కౌలునకుఁ దీసికొని కూలికి బాడుగకు వలయు సొమ్ముకై మా తండ్రి విడిచిపోయిన వరిపొలమును బొందల షావుకారునొద్దఁ దనఖా పెట్టితిని. జ్యేష్ఠము చొరకమున్నె నా ఉప్పు అమ్ముడుపోయెనా పొలము నాది. లేదా వానిది. నా జాతక మంతయు నా తెల్లని రాసిమీఁదనే వ్రాయఁబడియుండెను.

ఇట్లుండఁగా సంఘమునకుఁ గార్యదర్శియైన నాగభూషణరావు ఇస్త్రీచొక్కాయు నత్తరువాసనయు మోసికొని సభకు విచ్చేసెను. ఆతని బావమఱది పట్టణమున ఫోనులలో నడుచు నొక యాపు తయారుచేసియుండెను. దానిని గొనువారు లేక మా మెడకుఁ గట్టఁదలఁచిరి.

"రేడియో కాలం అయిపోయిందయ్యా. పట్నంలో ఎవడైనా వింటన్నాడా? ఇప్పుడంతా యాపే. వాన కబురు, ఉప్పు ధర, మీకు నచ్చిన పాట, ఎవరిది వాళ్ల చేతిలోకే వచ్చేస్తాది. సంఘం తరపున తలో ఫోనూ ఇప్పిస్తాను. ఇంకా ఆ పారమ్మ గోల దేనికి?"

నేను లేచి "మళ్లల్లో వాన కబురు అందరికీ ఒక్కపాలే ఇనబడాల బాబూ. తలో చెవిలో తలో మాటంటే కుదర్దు" అంటిని.

"నువ్వెంతదాకా చదివినావు?" అని యాతఁ డడిగెను. సభ నవ్వెను.

నా పొరుగుమడివాఁడును వరుసకు నల్లుఁడునగు గేదెల సింహాచలము మీసము దువ్వుకొనుచు "మావా, పారమ్మప్ప ఏ పాటేస్తే అదే ఇనాలా? ఇందులో నాకు నచ్చిందే నాకు. నువ్వు ముసిలోడివైపోనావు గానీ కూకో" అని చేయెత్తెను. వానివెనుకఁ దక్కిన చేతులన్నియు లేచెను. ఏండ్లతరబడి తమ ఉప్పును గాచిన గొంతును ఒక పాటకై గోసివైచిన యా చేతులను జూచి నేను సభ విడిచి వచ్చితిని.

పక్షము గడవకమున్నె ప్రసారస్తంభమును గోసి తుక్కున కమ్మిరి. గుంజలమీఁది రేడియోలను దింపిరి. పారమ్మ నెత్తిన గంప పెట్టుకొని ఉప్పుమోఁతకు వచ్చెను.

సంఘమిచ్చిన ఫోనులు ఉప్పుగాలికి నిలుచునా? వారము తిరుగకమున్నె నాలుగైదు చచ్చెను. నాగభూషణరావు మరల విచ్చేసి గట్టుమీఁదఁ జేతిరుమాలు పఱచుకొని కూర్చుండి యిట్లుపదేశించెను. "పనిలోకి దిగీముందు ఫోను బియ్యంలో పెట్టీండి. బియ్యం చెమ్మ లాగేస్తాది." మాకుఁ బాకలో మధ్యాహ్నపుఁ గూడు వండుకొను పెద్ద బియ్యపుడబ్బా యుండెను. నాఁటినుండి ప్రతి యుదయమును ప్రతివాఁడును దన ఫోనును బియ్యమునఁ బాఁతిపెట్టి మూఁత బిగించి మడిలో దిగుట యాచారమాయెను. ఉప్పునీట మునిఁగిన వ్రేళ్లకు ఫోనుమీఁది యద్దము పలుకదు గనుక దగ్గఱ నుంచుకొన్నను ఫలము లేకుండెను. చచ్చినవానికి నోట బియ్యము వేయుదురు. మావాండ్రు బ్రతికియున్నదానికే వేసిరి.

వైశాఖాంతమున నొకనాఁటి యపరాహ్ణమున బండ్లవాఁడు మఱునాఁడు వచ్చి నా రాసి నెత్తుకొనిపోవుదునని చెప్పియుండఁగాఁ దలలు వంచి పలకలు లాగుచున్న మాకుఁ దెలియకుండనే ప్రళయమహిషమువంటి కారుమేఘము సముద్రమునుండి లేచెను. కడగట్టుననున్న పారమ్మ దానిని మొదటఁ జూచి గంప పాఱవైచి కేకలువేయుచుఁ బరుగెత్తెను. ఒకప్పు డెల్లగట్లను గదలించిన యా గొంతు ఎదురుగాలిఁ జిక్కి రెండుమళ్లు దాఁటలేకపోయెను. ఆమె నావఱకు వచ్చి రొప్పుచు "వాన, తమ్ముడా" అనునప్పటికే చినుకులు నా వీఁపునఁ బడుచుండెను. కమ్మలకై పరుగెత్తితిని. కప్పిన కమ్మను గాలి యెత్తుకొనిపోయెను. రాసి మొదట సొట్టలువడి పిమ్మట నడుము విఱిగి తుదకుఁ బాలవలె గట్టుదిగి మడిలోనికిఁ బాఱెను. నేను దానిని రెండుచేతుల నాఁపఁజూచితిని. వ్రేళ్లసందులనుండి పోయెను.

వాన వెలిసి పాకకుఁ జేరి డబ్బామూఁత తీయఁగా బియ్యములోపల మిణుఁగురులవలె ఫోనులు వెలుఁగుచుండెను. అన్నిటను నొకటే మాట. వాన వచ్చుచున్నది జాగ్రత్త.

మఱునాఁడు నాగభూషణరావు బురద తగులకుండఁ బంచె యెత్తిపట్టి వచ్చెను.

"హెచ్చరిక రెండు గంటల ముందే పంపినాం. రికార్డు ఉంది. మీరు చూసుకోకపోతే యాపుదా తప్పు?"

సింహాచలము తల్లి పోలమ్మ కరఁగిన తన రాసిప్రక్కఁ గూలఁబడియుండి తలయెత్తక "పంపినావు బాబూ. పంపలేదని ఎవలన్నారు? బియ్యానికి చెప్పీసినావు. పాపం అవి లేచొచ్చి కమ్మలు కప్పలేకపోనాయి" అనెను.

సింహాచలము తల్లిప్రక్కఁ జతికిలఁబడెను. నాగభూషణరావు మాత్రము నవ్వెను. ఆ నవ్వును నేను కాష్ఠమునకుఁ బోవువఱకు మఱవను.

"పారమ్మకి మైకు తిరిగిచ్చీండి" అంటిని.

"స్తంభం తుక్కయిపోయింది, లైసెన్సు వదిలీసుకున్నాం. మళ్లీ ఎవడు తెస్తాడయ్యా? కొత్త వెర్షన్లో సౌండు పెంచుతాంలే" అని యాతఁడు పంచె దులుపుకొని పోయెను.

రేడియోకు భవిష్యత్తు గలదా లేదా యని పట్టణములలో విద్వాంసులు చల్లనిగదులలోఁ గూర్చుండి చర్చింతురఁట. చర్చింపనిండు. అడుగకున్నను గసరి చెప్పు గొంతును వీడి యడిగినఁగాని పలుకని గాజుముక్కను గొలుచు జాతికి నేది వలసినదో యదియే దక్కును. మాకు దక్కినది దక్కెను. జ్యేష్ఠశుద్ధ పాడ్యమినాఁడు షావుకారు కాగితము తెచ్చెను. నేను గూడఁబలుకుకొని చదివి సంతకము పెట్టితిని. పోయినది కాలువనీరు పాఱెడి మాగాణి, ఒక యెకరము నలువదియేడు సెంట్లు.